మ్యూజియం లేని ఊళ్ళో పిల్లలకు కళ ఎక్కడ చూపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. మీది మండల కేంద్రం. బస్టాండు, రైల్వే స్టేషను, రైతు బజారు, రెండు మూడు గుళ్ళు, ఒక పాత సినిమా హాలు. ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది, కానీ అన్నీ ఫోన్‌లో చూసి వేసేవే. ఆర్ట్ గ్యాలరీ ఊసే లేని ఊళ్ళో పిల్లకు చూపించడానికి ఏముంటుంది, సెలవుల్లో హైదరాబాద్ తీసుకెళ్ళి సాలార్‌జంగ్ మ్యూజియం చూపిస్తే సరిపోతుందా అని అడిగారు.

హైదరాబాద్ తప్పకుండా తీసుకెళ్ళండి. కానీ దాని కోసం ఆగొద్దు. మీ ఊరి బజారులో, బస్టాండులో ఆ అమ్మాయి ఒక ఏడాది పాటు చూసి గీసుకునేంత సరుకు ఉంది. నేను పిల్లలకు చెప్పే గుర్తు ఒక్కటే: పని జరగడానికి ఎంత అవసరమో అంతకంటే ఎక్కువ శ్రద్ధ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి. దొంగ రాకుండా ఉండాలంటే కిటికీకి నాలుగు ఊచలు చాలు. ఎవరో ఆ ఊచల్ని వంచి, ఉదయించే సూర్యుణ్ణి చేశారు. కొట్టు పేరు చదవడానికి అక్షరాలుంటే చాలు. ఎవరో వాటికి నీడ వేశారు. ఆ ఎక్కువ చేసిన మనిషి ఎవరు, దేనితో చేశాడు, ఎందుకలా చేశాడు అని అడగడం నేర్పితే మీరు చేయాల్సింది చాలావరకు అయినట్టే.

నేను ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం రాకముందు ఒక పెయింటరు దగ్గర బోర్డులు రాశాను. ఇప్పటికీ ఆదివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని బజార్లు తిరుగుతాను. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ పిల్లలతో చూసినవే.

ముందు బోర్డులు చూడండి. ఫ్లెక్సీలు ఎంత వచ్చినా ప్రతి ఊళ్ళో చేత్తో రాసిన బోర్డులు కొన్ని మిగిలే ఉంటాయి. పాత బట్టల కొట్టు, టైలరు దుకాణం, మూలికల అంగడి, బడి ప్రహరీ, ఊరి మొదట్లో విత్తనాల కంపెనీ గోడ ప్రకటన, వీటి దగ్గర వెతకండి. చేతి రాతో కాదో తెలుసుకోవడం తేలిక. ఒకే బోర్డులో రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని పోల్చి చూడమనండి. ‘సాయిబాబా స్వీట్స్’ అని ఉంటే ఆ రెండు ‘బా’లూ పక్కపక్కనే ఉంటాయి. కంప్యూటరువి అయితే అచ్చు గుద్దినట్టు ఒకటే. చేతివైతే రెండో ‘బా’ దీర్ఘం కాస్త ఎక్కువ సాగి ఉండొచ్చు, అక్షరం కాస్త పక్కకు వాలి ఉండొచ్చు. పిల్లలు ఇది పట్టుకున్నారంటే ఇక బజారంతా పరుగులు తీస్తారు.

తరువాత వత్తులు. తెలుగు బోర్డు రాసేవాడి సత్తా అంతా వత్తుల దగ్గర బయటపడుతుంది. ‘శ్రీ లక్ష్మీ వస్త్రాలయం’ అనే పేరు తీసుకోండి. ‘శ్రీ’ కింద ర వత్తు. ‘క్ష్మీ’ కింద రెండు. ‘స్త్రా’ కింద మళ్ళీ రెండు. బోర్డు ఎత్తు మాత్రం మూడడుగులే. అన్ని వత్తులకీ అడుగున చోటు వదిలితే అసలు అక్షరాలు చిన్నవైపోయి రోడ్డు అవతలి నుంచి కనపడవు. అక్షరాలు పెద్దవి చేస్తే వత్తులు బోర్డు అంచు దాటతాయి. మంచి పెయింటరు ఏం చేస్తాడంటే, ‘స్త్రా’ కిందున్న ర వత్తును ఎడమకు చాపి, పక్కనున్న ‘వ’ కింద ఖాళీలోకి పంపేస్తాడు. ‘శ్రీ’ కింది ర వత్తును ఇంకా సాగదీసి, పేరు మొత్తానికి అడుగుగీతలాగా వంపు తిప్పుతాడు. చోటు చాలకపోవడమే అక్కడ అందమైంది. దీన్ని నోటితో చెప్పకుండా, ‘నువ్వైతే ఈ పేరు ఈ బోర్డులో ఎలా పట్టిస్తావ్?’ అని కాగితం మీద ఒక పొడుగాటి పెట్టె గీసి ఇవ్వండి. ఆమె ఒకసారి ప్రయత్నించాక మళ్ళీ తీసుకెళ్ళి అదే బోర్డు చూపించండి. అప్పుడు ఆమె చూసే చూపే వేరు.

నీడ విషయం కూడా. వెలుతురు ఎడమ పైనుంచి పడుతోందని అనుకుని, అక్షరం కుడివైపునా అడుగునా నీడ వేయడం మామూలు పద్ధతి. బోర్డు మొత్తం అదే దిక్కు నిలబెట్టాలి. గుండ్రటి తెలుగు అక్షరాలతో ఇది కష్టం, ఎందుకంటే ‘ల’, ‘అ’ లాంటి వాటికి సూటి అంచు అంటూ ఉండదు. వంపు తిరుగుతున్న కొద్దీ నీడ మందం మారుతూ పోవాలి. ఎక్కడ మారలేదో, ఎక్కడ దిక్కు తప్పిందో కనిపెట్టమనండి. ఈ పనిముట్ల గురించి కూడా చెప్పండి: ముందు అడుగు రంగు, ఆరాక సుద్ద పూసిన దారాన్ని రెండు కొసలా లాగిపట్టి టప్పున కొడితే పడే గీత, దాని మీద సుద్దముక్కతో అక్షరాల అంచనా, ఆపైన ఎనామిల్ రంగు. మణికట్టు వణక్కుండా, కొసన గుడ్డ చుట్టిన కర్ర ఒకటి ఎడమచేత్తో బోర్డుకు ఆనించి, దాని మీద కుడిచెయ్యి పెట్టి రాస్తారు. మీ ఊళ్ళో ఇలా రాసే పెద్దాయన ఒక్కరైనా ఉండే ఉంటారు. ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు వేసేది వాళ్ళే, ఒకప్పుడు బండ్ల నంబరు ప్లేట్లు రాసిందీ వాళ్ళే. ఆయన పని చేస్తుండగా ఒక గంట మీ అమ్మాయిని పక్కన నిలబడనిస్తారేమో అడగండి. నాకు తెలిసినంతలో కాదన్నవాళ్ళు లేరు. వాళ్ళ పనిని ఇష్టంగా చూసేవాళ్ళు వాళ్ళకీ కావాలి.

ఇక్కడే బాపు గారి సంగతి చెప్పాలి. ఆయన (1933–2014) చేతిరాత తెలుగు దేశమంతా శుభలేఖల మీదికి, కొట్ల బోర్డుల మీదికి పాకింది. తరువాత కంప్యూటరు ఫాంటు కూడా అయింది. మీ బజారులో ఆ రాత ఎన్నిచోట్ల కనపడుతుందో వెతకమనండి. ఒక చిత్రకారుడి చెయ్యి, ఆయన పేరు తెలియని దుకాణాల నుదుటి మీద కూడా ఎలా నిలిచిపోయిందో తెలుస్తుంది.

లారీలు. హైవే పక్క ఊరైతే మీరు అదృష్టవంతులు. దాబా దగ్గర ఆగిన లారీల వెనక తలుపు, క్యాబిన్ పక్కలు చూడండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చోట పిల్లల్ని నిలబెట్టి, తామరపువ్వు వేయడం చూపించాను. చదును బ్రష్షు ఒక అంచు ఎర్ర రంగులో, రెండో అంచు తెల్ల రంగులో ముంచుతారు. రేకు మీద ఆనించి, మణికట్టు తిప్పుతూ ఒక్క లాగు లాగితే, లోపల ఎరుపు నుంచి అంచున తెలుపు దాకా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన రేక పడుతుంది. పెన్సిలు గీత లేదు, దిద్దడం లేదు. ఇలాంటివి ఐదారు లాగితే పువ్వు. నా విద్యార్థి ఒకడు ఇంటికెళ్ళి వాటర్ కలర్‌తో ప్రయత్నిస్తే రంగులు కలిసి బురదయ్యాయి. ఎనామిల్ చిక్కన, మెల్లగా కదులుతుంది, నీళ్ళ రంగు పారిపోతుంది అని వాడికి వాడే కనుక్కున్నాడు. పోస్టర్ కలర్ చిక్కగా పెట్టి వేస్తే కొంతవరకు వస్తుంది, మీ అమ్మాయితో వేయించండి.

లారీ మీద ఏ బొమ్మ ఎక్కడుందో కూడా చూడండి. దిష్టి బొమ్మ ముఖం, కళ్ళు ఎక్కడ పెట్టారు, యజమాని పిల్లల పేర్లు ఎక్కడ రాయించాడు, దేవుడు ముందా వెనకా. ప్రతిదానికీ ఒక ఆలోచన ఉంటుంది. డ్రైవరును అడిగితే సంతోషంగా చెబుతాడు.

ముగ్గులు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇంటి గుమ్మంలో ఉన్నదాన్ని మనం కళ కింద లెక్కేయం. ముగ్గు ఇంటిది అనుకుంటాం కానీ వేసేది వీధిలో, దారినపోయే అందరి కళ్ళ ముందు. మీ అమ్మాయి అమ్మమ్మ గారో నాయనమ్మ గారో ఉంటే ఆవిడే ఈ విషయంలో గురువు, నేను కాదు.

‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా’ అని మన ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు కదా. ఆ ఒక్క మాటలో పూర్తి నక్షా ఉంది. నడిమి వరుసలో 15 చుక్కలు. పైకీ కిందికీ ఒక్కో వరుసకు ఒక్కటి తగ్గిస్తూ, చుక్కల సందుల్లో చుక్క పెడుతూ 8 దాకా వెళితే, ఆరు సమాన భుజాల ఆకారం తయారవుతుంది. లెక్కపెడితే 169 చుక్కలు. స్కేలు లేదు, కోణమానిని లేదు, వంగి నిలబడి వేళ్ళ సందునుంచి పిండి జార్చడమే. వరుస చుక్క అంటే చుక్క కింద చుక్క, చతురస్రపు గళ్ళు. సందు చుక్క అంటే త్రిభుజపు గళ్ళు. ఎనిమిదో తరగతి పిల్లకు ఈ తేడా కాగితం మీద కంటే వాకిట్లో బాగా అర్థమవుతుంది.

మెలికల ముగ్గు ఇంకో విద్య. చుక్కల్ని కలపకుండా, వాటి చుట్టూ తిరుగుతూ పోయే గీత. కొన్ని మెలికల ముగ్గుల్లో మొత్తం గీత ఒక్కటే, ఎక్కడ మొదలైందో అక్కడికే చేరుతుంది. కొన్నింటిలో రెండు మూడు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళతాయి. ఏది ఏదో వేలితో పోతూ కనిపెట్టమనండి. సంక్రాంతి నెలంతా పొద్దున్నే ఒక వీధి చివరి నుంచి చివరికి నడవండి. కనుమ నాడు రథం ముగ్గు తప్పక చూడండి. రథానికి తాడు గీసి దాన్ని పక్కింటి ముగ్గు దాకా లాగుతారు, వాళ్ళు వాళ్ళ పక్కింటికి. వీధి మొత్తం ఒకే బొమ్మ అయిపోతుంది. ఇంతమంది చేతులు కలిసి, ముందుగా ఏ కాగితం మీదా వేసుకోకుండా, ఒక్క పూటలో ఒక వీధంత బొమ్మ వేయడం ఏ గ్యాలరీలోనూ దొరకదు.

ఒక జాగ్రత్త. ఎవరి వాకిట్లో ముగ్గు ఫొటో తీసినా, గీసుకున్నా, ముందు ఆ ఇంటావిడను అడగాలి. ‘అమ్మా, మీ ముగ్గు మా అమ్మాయి గీసుకుంటుందంట’ అంటే చాలు. తరచుగా ఆవిడే వచ్చి ఎక్కడ మొదలుపెట్టిందో చెబుతుంది.

తెలంగాణలో ఉన్నవాళ్ళకు ఇదే మాట బతుకమ్మకూ వర్తిస్తుంది. తాంబాళంలో ఆకులు పరిచి, గునుగు, తంగేడు, బంతి పూలను వలయాలుగా పేర్చుకుంటూ పైకి పోతారు. తెల్ల గునుగును రంగుల్లో ముంచి ఆరబెట్టడం, కాడల్ని సమానంగా కత్తిరించడం, ఏ వరస మీద ఏ రంగు రావాలన్న లెక్క, వలయం చిన్నదయ్యేకొద్దీ నిటారుగా నిలబడేలా మధ్యలో ఆకులు కూరడం, ఇవన్నీ దగ్గర కూర్చుని చూడాల్సినవి. సాయంత్రానికి చెరువులో కలిసిపోయే పని మీద ఇంత శ్రద్ధా అని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి. ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పాల్సిన అవసరం లేదు.

గుడి గోపురం. మీ ఊరి గాలిగోపురం మీద సుధ బొమ్మలుంటాయి. లోపల ఇటుక, పైన సున్నమో సిమెంటో పూసి, తడిగా ఉండగానే మలిచినవి. దేవతామూర్తులకు తాళమానం అని కొలతల శాస్త్రం ఉంది. ముఖం పొడవును ప్రమాణంగా పెట్టుకుని మొత్తం ఎత్తు, నడుము, చేతులు నిర్ణయిస్తారు. అందుకే ఏ ఊళ్ళో విష్ణువును చూసినా నిలబడిన తీరు ఒకలాగే అనిపిస్తుంది. కానీ కింది అంతస్తుల్లో బరువు మోస్తున్నట్టు కూర్చున్న భూతగణాలను చూడండి. అక్కడ శిల్పికి స్వేచ్ఛ ఎక్కువ. బుగ్గలు పూరించినవాడు, నాలుక బయటపెట్టినవాడు, పక్కవాడి వంక చూస్తున్నవాడు కనిపిస్తారు. నేను పిల్లల్ని పైనున్న దేవుళ్ళను కాకుండా ముందు వీళ్ళను గీయమంటాను. గీసేటప్పుడు భయం ఉండదు, ముఖంలో భావం ఎలా పుడుతుందో తొందరగా తెలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి, లేదంటే ఫోన్ కెమెరా దగ్గరకు లాగి చూసినా చాలు.

ఈమధ్య గోపురాలకు మెరిసే రంగులు మందంగా పూసేస్తున్నారు. పూత మీద పూత పడి కనురెప్పల గీతలు, నగల నగిషీలు పూడిపోతున్నాయి. చూస్తే బాధేస్తుంది. రంగు వేయాలి, అది సంప్రదాయమే. కానీ పాత పూత గోకి, గీతలు కనపడేలా పలచగా వేయాలి. మీ గుడి కమిటీలో మీకు మాట చెల్లుతుందనుకుంటే ఈ సంగతి చెవిన వేయండి.

విగ్రహాలు. సెంటరులో ఉన్న నాయకుల విగ్రహాలను మనం చూడడం మానేశాం. అవి ఎక్కడో తయారై వస్తాయి. గుంటూరు జిల్లా తెనాలి, కోనసీమలో కొత్తపేట ఈ పనికి పేరున్న ఊళ్ళు. తెనాలి శిల్పులు పాత ఇనుప సామాను, నట్లు బోల్టులతో కూడా విగ్రహాలు చేస్తారు. గోదావరి జిల్లాల్లో అయితే గుర్రం మీదున్న కాటన్ దొర ఊరూరా కనిపిస్తాడు. రాతి పనికి రాయలసీమలో ఆళ్ళగడ్డ ఉంది.

అంబేద్కర్ విగ్రహాన్ని తీసుకోండి. ప్రతి ఊళ్ళో ఉంది, భంగిమ దాదాపు ఒకటే: నీలం కోటు, ఎడమ చేతిలో రాజ్యాంగం, ముందుకు చూపిస్తున్న కుడి చూపుడు వేలు. భంగిమ ఒకటే కావడం వల్లే శిల్పుల మధ్య తేడా స్పష్టంగా కనపడుతుంది. చెయ్యి చాచినప్పుడు కోటు చంక దగ్గర ముడతలు ఎలా లాగుకుంటాయో తెలిసి చేశాడా, లేక కోటు రేకు డబ్బాలాగా ఉందా? కళ్ళద్దాల సంగతి ఏం చేశాడు? సిమెంటులో అద్దం చేయలేరు, అందుకని కొందరు ఫ్రేమును తీగతో విడిగా చేసి పెడతారు, కొందరు ముఖం మీదే గట్టులాగా మలుస్తారు. విగ్రహం ఎత్తైన దిమ్మె మీద ఉంటుంది, మనం కిందనుంచి చూస్తాం. కిందనుంచి చూస్తే తల చిన్నగా కనపడుతుంది కాబట్టి, అనుభవమున్న శిల్పి తలను కొంచెం పెద్దది చేస్తాడు. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలను చూడడానికి వెళితే, ముందు మీ ఊరి విగ్రహాన్ని గీసుకుని వెళ్ళమనండి. ఆ ఎత్తులో ఈ ఇబ్బందులు ఎంత పెద్దవో అప్పుడు ఆమెకే తడుతుంది.

ప్రభుత్వ ఆఫీసుల బోర్డు కూడా వదలొద్దు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం మధ్యలో ఉన్న పూర్ణఘటం అమరావతి బౌద్ధ శిల్పాల్లోది. అంటే రెండు వేల ఏళ్ళ నాటి రాతి చెక్కడపు నకలు మీ తహసీల్దారు ఆఫీసు బోర్డు మీద ఉంది. తెలంగాణ చిహ్నంలో కాకతీయుల తోరణం, చార్మినార్ ఉన్నాయి. దాన్ని రూపొందించింది చిత్రకారుడు లక్ష్మణ్ ఏలె. ఆ తోరణం ఆకారాన్నే తెలంగాణ ఊళ్ళ ముఖద్వారాలకూ సిమెంటుతో పోస్తున్నారు. చిహ్నాన్ని గీసి, తరువాత అమరావతి మ్యూజియానికో వరంగల్ కోటకో వెళ్ళి అసలుదాన్ని చూస్తే పిల్లలకు కలిగే సంబరం నేను చాలాసార్లు చూశాను. ముందు ఎక్కడో చూసిన మనిషి ఎదురుపడినట్టు గుర్తుపడతారు.

ఇక చిన్నవి త్వరగా చెబుతాను. పాత సినిమా హాల్లో, బ్యాంకులో మొజాయిక్ గచ్చు ఉంటే రంగులు మారే చోట సన్నటి గాజు పట్టీలు చూడండి. పాత మేడల సిమెంటు జాలీలు, మధ్యాహ్నం ఎండలో వాటి నీడ గోడ మీద పడే తీరు. వెల్డింగ్ షాపులో గ్రిల్ డిజైన్ల పుస్తకం అడిగి చూడండి, కొందరు తరాల నాటి పుస్తకాలు దాచుకుంటారు. స్టేషను బల్లలకు వేసిన కడప బండ, తాండూరు బండ తడిస్తే రంగు ఎలా మారుతుందో చూడండి. రైతు బజారులో నిమ్మకాయలు, టమాటాలు కుప్పపోసే పద్ధతిలో కూడా ఒక్కొక్కరిది ఒక్కో తీరు. నేత ఊళ్ళు దగ్గర్లో ఉంటే (మంగళగిరి, చీరాల వైపు, తెలంగాణలో పోచంపల్లి, పుట్టపాక) పొద్దున్నే వెళ్ళండి. వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెడుతున్నప్పుడు, రంగులద్దిన నూలు చిలపలు ఆరేసినప్పుడు చూస్తే చీర మీద చూసిన రంగులు అప్పుడు వేరేగా కనిపిస్తాయి.

మరి కనపడిందల్లా కళేనా? కాదండీ. ఈ మాట గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ‘చూసే కళ్ళుంటే అన్నీ కళే’ అని పిల్లలకు చెప్పేస్తే వాళ్ళకు ఎంచడం రాదు. పాతదైనంత మాత్రాన గొప్పది కాదు. పెచ్చులూడిన గోడ ఫొటోలో బాగుండొచ్చు, కానీ అది వాన చేసిన పని. దాన్ని చూసి రంగులు నేర్చుకోండి, తప్పులేదు, కానీ కళాఖండం అనకండి. అలాగే ఇప్పుడు ఫ్లైఓవర్ల కింద, బడి గోడల మీద, స్టేషన్లలో బొమ్మలు వేయిస్తున్నారు. వాటిలో మంచివీ ఉన్నాయి, ఒకే నమూనాను ఊరూరా దించేసినవీ ఉన్నాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, ఆ బొమ్మ ఆ గోడకోసమే పుట్టిందా అని చూడండి. గోడలో కిటికీ ఉంటే, పైపు ఉంటే, చెట్టు అడ్డం ఉంటే, మంచి చిత్రకారుడు దాన్ని బొమ్మలో కలుపుకుంటాడు. నమూనా దించినవాడు పైపు మీదనుంచే ముఖం వేసుకుపోతాడు. హైదరాబాద్‌లో రాజ్‌భవన్ దగ్గరున్న ఎం.ఎస్. మక్తాలో వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వేయించిన గోడలను ఈ దృష్టితో చూడొచ్చు. జనం కాపురముంటున్న ఇరుకు సందులవి, కాబట్టి మెల్లగా, మర్యాదగా నడవండి. గుమ్మాల్లోకి కెమెరా తిప్పకండి.

ఫ్లెక్సీ తయారుచేసే కుర్రాడిని కూడా తక్కువ చేయకండి. వాళ్ళలో అక్షరం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఉన్నారు. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఫ్లెక్సీ షాపు పెట్టి, వత్తులు సరిగా కుదిరేదాకా కస్టమరును కూర్చోబెడతాడు. పనిముట్టు మారింది, శ్రద్ధ అలాగే ఉంది. నా బాధ చేతిరాత నేర్పేవాళ్ళు తగ్గిపోవడం గురించి. ఒక పెయింటరు బ్రష్షు పక్కన పెట్టేస్తే ర వత్తును ఎలా చాపాలో ఆ ఊళ్ళో చెప్పేవాళ్ళుండరు.

ఇక ఎలా తిప్పాలి. వారానికి ఒక పూట చాలు. ఒకసారికి ఒకే రకం: ఈ ఆదివారం గ్రిల్స్, వచ్చే ఆదివారం బోర్డులు. అన్నీ ఒకేసారి చూపిస్తే ఏదీ మిగలదు. మీరు వివరించకండి. తండ్రి ఉపన్యాసం మొదలుపెట్టిన మరుక్షణం పిల్లల కళ్ళు వేరేచోటికి పోతాయి. ‘ఇందులో పనికి అక్కర్లేనిది ఏముంది?’ అని ఒక్క ప్రశ్న అడిగి పక్కన నిలబడండి.

ఫోన్ ఫొటో తీయొచ్చు, కానీ గీసిన తరువాతే. ముందు ఫొటో తీస్తే ‘దొరికింది’ అనిపించి చూడడం ఆపేస్తారు. పెన్సిలుతో గీస్తే ఆ వంపు ఎక్కడ మొదలైందో చెయ్యి వెతుక్కోవాలి. ఖరీదైన స్కెచ్ బుక్ కొనొద్దు. ఖరీదైన కాగితం మీద పిల్లలు పాడవుతుందని భయపడుతూ గీస్తారు. తెల్లకాగితాల నోటుబుక్కు, 2బి పెన్సిలు, ఒక మైనం క్రేయాన్ ఇవ్వండి. క్రేయాన్ ఎందుకంటే, ఇనుప గేటు నగిషీ మీద, చెక్క తలుపు చెక్కడం మీద పలచటి కాగితం పెట్టి రుద్దితే దాని ఆకారం దిగుతుంది. యజమానిని అడిగి చేయండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల మీద మాత్రం ఎప్పుడూ రుద్దకూడదు.

ప్రతి బొమ్మ పక్కన తేదీ, చోటు, వీలైతే చేసినవాళ్ళ పేరు రాయమనండి. పేరు కనుక్కోవడమే కష్టం, అందుకే అది ముఖ్యం. బోర్డుల మీద కుడివైపు కింది మూల చిన్న అక్షరాల్లో పెయింటరు పేరుంటుంది, విగ్రహం దిమ్మె వెనక శిల్పి పేరుంటుంది. లేకపోతే కొట్టువాణ్ణి, మేస్త్రీని అడగాలి. మీ ఊరి బజారును చేసినవాళ్ళెవరో ఎవరూ రాసిపెట్టలేదు. మీ అమ్మాయి నోటుబుక్కులోనైనా ఉండనివ్వండి.

హైదరాబాద్ ఎప్పుడు వెళ్ళాలంటే, ఇలా కొన్ని నెలలు తిరిగాక. అప్పుడు సాలార్‌జంగ్‌లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘ముసుగు రెబెకా’ అనే విగ్రహం ముందు నిలబడితే, పాలరాతిలో పలచటి గుడ్డను ఎలా చూపించాడో అర్థం చేసుకోవడానికి ఆమె దగ్గర పోలిక ఉంటుంది: మీ ఊరి అంబేద్కర్ కోటు ముడతలు. 1591 నాటి చార్మినార్ మీద సున్నపు గచ్చుతో చేసిన పూలను మీ గోపురం సుధ బొమ్మలతో పోల్చుకుంటుంది. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహం గణపతి స్థపతి ఆధ్వర్యంలో ఒకే రాతిలో చెక్కింది. 1990లో పడవ మీద తీసుకెళుతుండగా నీళ్ళలో మునిగింది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. మళ్ళీ పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. ఆ రాయి బరువును అర్థం చేసుకోవాలంటే ముందు ఒక రాతి పనివాడి దగ్గర ఉలి పట్టుకుని చూసి ఉండాలి. దారిలో మీ ప్రాంతంలో రాయి చెక్కేవాళ్ళుంటే ఒక పూట అక్కడ ఆగండి.

రాబోయే ఆదివారం బోర్డులతో మొదలుపెట్టండి. బట్టల కొట్ల వీధి అయితే ‘వస్త్రాలయం’ అనే మాట నాలుగైదు చోట్ల దొరుకుతుంది. ఒక్కొక్కరు ‘స్త్రా’ ఎలా రాశారో పక్కపక్కన గీయించండి. ఏది బాగుందో, ఎందుకు బాగుందో ఆమెనే రాయమనండి. వీలైతే ఆ పేజీ ఇక్కడ పెట్టండి, చూసి నాకు తోచింది చెబుతాను.